క్షవరం

లక్ష్మీపురంలో బ్యాంకు, రెండో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లోకి బొట్టు బొట్టుగా.
నాలుగు బ్యాంకులు, ఒక మిల్లు,
మధ్యలో జీడిపప్పు పళ్లెం, ఎవరూ ముట్టనిది.
బొంబాయి నుంచి వచ్చిన కుర్రాడు
తెర మీద ఒక గడిని చూపించి
"హెయిర్‌కట్, ముప్పై ఎనిమిది శాతం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది.
మా వైపు క్షవరమైందంటే
డబ్బు పోగొట్టుకున్నవాడి మాట అది,
సంతలో కుంటి ఎద్దును కొన్నవాడు
ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్పేది.
ఇక్కడ దాన్ని తీర్మానంలో రాసి
నలుగురూ పొడి అక్షరాలు వేస్తారు.

ఇరవై రెండేళ్లుగా ఈ మిల్లు పద్దులు నావి.
నలభయ్యో నంబరు నూలు తెలుసు, అరవయ్యోది తెలుసు,
తెగిన పోగును అతకడం
సువార్తమ్మ చేతుల్ని చూసి తెలుసు:
రెండు కొసలు, కాస్త తడి,
బొటనవేలి కింద ఒక్క మెలి.
ముడి కనపడకూడదు సార్, అంటుంది,
కనపడితే మగ్గం మీద మళ్లీ అక్కడే తెగుద్ది.

అప్పును అలాగే అతుకుతున్నారు.
ఏడేళ్లది పన్నెండేళ్లయింది.
రెండేళ్లదాకా అసలు అడగరు.
ఆగిపోయిన వడ్డీకి బారసాల చేసి
కొత్త పేరు పెట్టి
దాన్నీ అప్పుల వరసలో కూర్చోబెట్టారు.
కొంత బాకీ వాటాలుగా మారింది:
నిన్నటిదాకా గేటు బయట కేకలేసినవాడు
రేపు లోపల కుర్చీలో కూర్చుని
కరెంటు బిల్లు ఎందుకింత అంటాడు.
కొత్తమాసు వీరరాఘవులు గారు
ఇంటి కాగితాలు బల్ల మీద పెట్టారు,
వేడి గిన్నె దించినట్టు, మెల్లగా,
రెండు చేతులతో.

తొంభై రోజులు అనే మాట ఈ గదిలో
మైల లెక్కలా వినిపిస్తుంది.
అది దాటితే నిరర్థకం.
అంతవరకు 'గారు' అన్న నోరే
ఖాతా నంబరుతో పిలుస్తుంది.
మాకు నూట నలభై మూడో రోజు.

ట్రిబ్యునల్‌కు వెళ్లే కాగితంలో
పదకొండో పేజీలో మెట్లున్నాయి.
పైన తాకట్టు ఉన్నవాళ్లు.
తర్వాత జీతాలు, అంతా కాదు, కొంత.
తర్వాత ఎవరెవరో.
అన్నిటికన్నా కింద, మెట్టు కూడా కాదు, దాని నీడ,
పేరేచెర్ల షేక్ కాలేషావలి, పత్తి.
కాగితం లేకుండా, తాకట్టు లేకుండా,
"పంపించన్నా" అని ఫోన్‌లో అంటే
రాత్రికి రాత్రి మూడు లారీలు పంపినవాడు.
అతనికి పత్తి అరువిచ్చిన రైతుల పేర్లు
ఏ పేజీలోనూ లేవు.
అతనికి రూపాయికి ఆరు పైసలు.

ఆ గడి నింపింది నేనే.
సూత్రం తప్పేమోనని మూడుసార్లు కూడాను.
మూడుసార్లూ ఆరే.

ఆ సాయంత్రం మిల్లు మెట్ల మీద నుంచి ఫోన్ చేశాను.
చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.
వెనక జిన్నింగు మిషను మాత్రం
ఆపకుండా గింజను వేరు చేస్తోంది.
ఆఖరికి అడిగాడు: "మిల్లు నడుస్తదా?"
నడుస్తుందన్నాను.
"ఐతే సరే. ఇకమీదట డబ్బు ముందు, లారీ తర్వాత.
పాతదాని గురించి
నాకు నువ్వు మళ్లీ ఫోన్ చెయ్యొద్దు."
అరవై పేజీల పని
మూడు ముక్కల్లో తేల్చేశాడు.
తిట్టుంటే బాగుండేది.

బ్యాంకులు సంతకాలు పెట్టాయి.
వీరరాఘవులు గారు అందరికీ పూతరేకులు పంచారు,
పెళ్లో దినమో తెలియని మొహంతో.

పదో తారీఖున లారీ వచ్చింది.
మూడు కాదు, ఒకటి.
డ్రైవరు తాళ్లు విప్పలేదు, ఇంజను ఆపలేదు.
సువార్తమ్మ గుమ్మంలో నిలబడి
బేళ్ల వంక చూస్తోంది.
నేను డబ్బు పంపాను.
అతని షావుకారుకు చేరినట్టు
అతని సెల్లు మోగేదాకా
ఏటుకూరు రోడ్డంతా పొగ.