మెచ్చుకోదగ్గ

పంద్రాగస్టుకి ముప్పయ్యేడు ప్రశంసాపత్రాలు టైపు చేశాను.
అన్నిటిలోనూ ఒకటే మాట: కమెండబుల్.
పేర్లు మారాయంతే.

మర్నాడు పెదజాలరిపేట నుంచి
తెడ్డు పరసన్న కలెక్టరాఫీసుకొచ్చాడు,
లుంగీ అంచున ఇంకా ఇసక.
"ఈ మాటకి అర్దమేటి బాబూ?
మైకులో సదవగానే అందరూ సప్పట్లు కొట్టీసినారు."

"మెచ్చుకోదగ్గ" అన్నాను.

"దగ్గ అంటే?
మెచ్చుకున్నట్టా, ఇంకా మెచ్చుకోవాలనా?"

ఇరవయ్యేళ్ల సర్వీసులో
ఆ 'దగ్గ' దగ్గర నేనెప్పుడూ ఆగలేదు.

కాగితం నాలుగు మడతలు పెడుతూ అన్నాడు:
"రుషికొండ కాడ ముగ్గుర్ని లాగినాను.
నాలుగోవోడి సొక్కాయే సేతికొచ్చినాది.
ఆడి అమ్మ ఎదర
సదవొచ్చునా, ఈ మాట?"

జనవరి ఇరవయ్యారుకి ఇంకా ఐదు నెలలుంది.
వేరే మాట వెతకాలి.