వినే డబ్బా

ఇరవై రెండేండ్లు అర్జీలు కొట్టిన వేళ్ళు
బొటనవేలి మొదలు నడిమివేలు దాక మొద్దుబారినయి.
"ఇగ కీబోర్డు ముట్టకమ్మా" అన్నడు ఎంజీఎంల డాక్టరు,
ఇయ్యాల పెరుగు తినకు అన్నంత తేలిగ్గ.

అట్ల నేను నక్కలగుట్టల
రెండంతస్తుల మెట్లెక్కి కంప్యూటర్ దుకాణం ముంగట నిలబడ్డ.
సంచిల చిట్టి ఎత్తిన నలభై రెండు వేలు,
రబ్బరుబ్యాండు గట్టిగనే ఉంది.

"ఏం పనికి మేడం? గేమ్సా, ఎడిటింగా?"
స్క్రూడ్రైవరు చెవి మీద చెక్కుకొని అడిగిండు అఫ్రోజ్.
"వినే పనికి" అన్న.
"నేను మాట్లాడుత. అది రాయాలె."

ప్రాసెసరు చూపిచ్చిండు, ఎనిమిది కోర్లట,
ఒక్క బల్ల చుట్టు ఎనిమిది మంది గుమాస్తాలు కూసున్నట్టు.
గ్రాఫిక్స్ కార్డు చూపిచ్చిండు:
బొమ్మల కోసం చేసిందే గని
మాట పోల్చుకునుడు గూడ దానికే బాగ వస్తదట.
ఎందుకని అడిగితే తల గోక్కున్నడు.
నాకు ఆ గోక్కునుడే నచ్చింది,
తెల్వనిది తెల్వదన్న దుకాణపాయినను
గప్పటిదాక చూడలే.

"ర్యాము ఎనిమిది చాలదా?"
"చాలదు మేడం, పదహారన్న ఉండాలె."
ఎందుకో గిది మాత్రం నాకే తట్టింది.
మన మాటల క్రియ ఆఖరుకొస్తది.
"మా తాత కొన్న చెల్క, కాలువ పక్కన, చింతచెట్టు దాక,
అన్నదమ్ములు పంచుకోకముందే, పాలోళ్ళకు..."
ఇచ్చినమా, అమ్మినమా,
వాళ్ళే గుంజుకున్నరా,
చివరి మాట పడేదాక
అన్నిట్ని ఒళ్ళో పట్టుకొని కూసోవాలె.
కోర్టు ముంగట రేకుల షెడ్డుల
ఇన్నేండ్లు నేను చేసింది గదే.
పదహారే పెట్టు, అన్న.

పెద్ద డబ్బా ఆన్ చేసిండు.
ఫ్యాన్లు లేచినయి, వడ్లమిల్లు లెక్క.
మైకు కాడికి వంగి మొదలువెట్టిన:
"పరకాల కాపురస్తురాలు మామిడి కనకవ్వ..."
తెర మీద గాలి, గాలి, గాలి అని పడ్డది.
ఎంత ఉరికేది అంత రొప్పుతది,
రొప్పేదానికి ఎదుటోళ్ళ మాట ఎట్ల వినవడతది?

అఫ్రోజ్ నవ్వలే.
ఆ డబ్బా తీసి పక్కకు వెట్టి
కొంచెం నెమ్మదిది, సప్పుడు లేనిది తెచ్చిండు.
పాత కార్డు ఒకటి దాంట్ల గుచ్చిండు, సగం ధరకు.
మిగిలిన పైసలల్ల మంచి మైకు కొనుమన్నడు:
"చెవి ఖరాబైతే మెదడేం చేస్తది మేడం?"

గీసారి వాక్యం వాక్యం లెక్కనే వచ్చింది.
కాకపోతే "పొద్దుగాల" అంటే "పొద్దు గోల" అని రాసింది,
"గాయింత జాగ" అంటే "గాయం జాగ" అని.
మొదటిది దిద్దిన.
రెండోదాని మీద చెయ్యి పోలే.

సోమారం నాడు కనకవ్వ వచ్చింది.
ఇదివరకు ఆమె ఏడ్పును నేను
"సదరు అర్జీదారు విన్నవించుకొనునది" అని కొట్టేదాన్ని.
మైకును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది,
దీనికి చెవులేడున్నయి బిడ్డా అని అడిగింది,
చెవుడున్నోళ్ళకు చెప్పినట్టు ఒర్లింది.

మెల్లగ చెప్పు అవ్వా, అది వింటది, అన్న.

కొంగుతోని మూతి తుడుసుకొని
నా దిక్కు తిరిగింది:
"అది వింటే విననియ్.
నువ్వు గూడ ఇను."

మొద్దువేళ్ళు ఒళ్ళో వెట్టుకొని కూసున్న.