దస్తూరి

ఆదోనిలో రిజిస్ట్రారంటే అందరికీ ఒకటే ఆఫీసు.
వేలిముద్ర మసి తుడుచుకోని తుడుచుకోని
నడుం ఎత్తు దాకా నల్లబడిన గోడ.
ఆ గోడకు ఎదురుగా నా బంకు.
"ఇక్కడ పేర్లు రిజిస్టరు చేయబడును"
అని రాయించినానా,
మొదటి దినమే ఒకాయన
పాసుపుస్తకం తీసి బల్ల మీద పెట్టె.

మా నాయన ఖాసీం పీరా
ముప్పై ఎనిమిదేండ్లు ఆ గోడ నీడన దస్తావేజులు రాసినాడు.
ఆయన వాక్యం మొదలైతే ఆగేది కాదు:
తూర్పు హుసేనప్ప చేను, పడమర బండ్ల బాట,
ఉత్తరం వంక, దక్షిణం మా మిగులు భూమి,
వీటి మధ్య గల ఎకరా నలభై సెంట్లు
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా
తాము తమ పుత్ర పౌత్ర పారంపర్యముగా
ఆచంద్రతారార్కము అనుభవించవలసినది.

నేను అమ్మేదానికి చెక్కుబంది లేదు.
హద్దురాయి పాతేకి చోటు లేదు.
ఉండేదంతా ఒక పేరు, పేరు కొసన ఒక చుక్క.
"సూర్యుడు పాయె, చంద్రుడు పాయె,
చుక్కొకటే మిగిలిందా మీ కాలానికి?
అదీ ఏడాదికేనా?"
ఏడాదికే నాయినా.
మళ్ల కట్టకుంటే ఎవరైనా వచ్చి
ఆ పేరులో కాపురం పెట్టొచ్చు.

పెట్టినారు కూడా.
చౌడప్ప గానుగ నూనె, నేను చేయించిన మొదటి పేరు.
చవక చూసినా. తొంబై తొమ్మిదే అన్నారు.
రెండో ఏడు పదమూడు వందలని
అడుగున చీమతల అక్షరాల్లో ఉన్నింది.
లేఖరి బిడ్డను, అడుగు అక్షరాలు చదవలే.
గడువు కబురు చౌడప్ప అల్లుని మెయిలుకు పోయింది,
అల్లుడు పాస్‌వర్డు మర్చిపోయి రెండేండ్లు.
కంపెనీకి ఫోను చేస్తే రాగం.
తొమ్మిది నొక్కండి. మళ్ల రాగం.
ఇప్పుడు ఆ పేరు కొడితే
ఎవరో పేకాట ఆడిస్తాండారు.
చౌడప్ప నన్ను ఒక్క మాట అనలే.
అచ్చేయించిన డబ్బాల మీద, ఆ పేరు మీద,
తెల్ల కాయితం అంటిస్తా కూర్చున్నాడు.
నాలుగు వందల డబ్బాలు.
నేనూ కూర్చోని అంటించినా.

తర్వాత రిజిస్ట్రారును వెతికినా,
ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుకు పండ్లు చూసినట్టు.
రెండో ఏటి ధర ఎంత, ముందు చెప్పు.
గడువు దాటితే ఎన్ని దినాలు ఓర్చుకుంటావు?
నీ కాడ వద్దు, పోతామంటే
తాళంకోడ్ చేతికిస్తావా, వాకిట్లో అడ్డం పడుకుంటావా?
రాత్రిపూట ఫోను ఎత్తేది మనిషేనా?
ముగ్గురు జారుకున్నారు.
నాలుగో కంపెనీలో, పదకొండున్నరప్పుడు,
దగ్గుకుంటా ఒక మనిషి ఎత్తినాడు.
ఆ దగ్గును నమ్మి ఐదు వేలు ముందే కట్టినా.
రీసెల్లరంట నేను.
మారుబేరగత్తె అంటాది మా జేజి.
పేరుకు నలభై రూపాయలు మిగుల్తాది,
వచ్చినోళ్లకు టీ తాపకుంటే.

ఒక మాట ఎవరికీ చెప్పలే.
కొత్తలో నాకొక ఉపాయం తోచింది:
పేర్లన్నీ నా పేరునే రాసుకుంటే?
జిన్నింగు మిల్లు, పట్టీల అంగడి, కండ్ల డాక్టరు,
ఏటేటా నా కాడికే రావల్ల గదా.
యజమాని అని ఉన్నచోట నా పేరు చూసి
నాయన అరవలే.
పాత దస్తావేజు నకలు ఒకటి తెచ్చి
కడాపుట తిప్పినాడు.
అమ్మినోళ్లు, కొన్నోళ్లు, సాక్షులు,
అందరికీ కింద, సిరా అయిపోతాంటే రాసినట్టు,
దస్తూరి: ఖాసీం పీరా, ఆదోని.
"మన జాగా ఇది" అన్నాడు.
వేలు కూడా పెట్టి చూపలే.

ఇప్పుడు గడువుల లెక్క ఆయనే రాస్తాడు
పొడుగు నోటుబుక్కులో, అదే భాషలో:
"ఉరుకుందమ్మ మిరప గోదాము చుక్క కామ్,
సదరు పేరునకు ఫిబ్రవరి పద్నాలుగున గడువు తీరును."
రేపే పద్నాలుగు.
ఉరుకుందమ్మ ఫోను మూడు దినాలుగా స్విచ్చాఫ్.
నా ఖాతాలో రెండు వందల పన్నెండు.
నాయన అద్దాలు తుడుచుకుంటా
చూడనట్టు చూస్తాండాడు.

పెద్దతుంబళం తొలి బస్సు ఐదుంబావుకు.
శాలువా యాడ పెట్టినానో.