బిరడాలు

మార్చిలో, మంచు ఇంకా పూర్తిగా విడవకముందే
మా అత్త స్కైద్రీతె
బర్చ్ చెట్టుకు బెజ్జం వేసి కింద బిందె పెడుతుంది.
రాత్రంతా చుక్కా చుక్కా.
తెల్లారాక తాగి చూస్తే
నీళ్లకన్నా ఒక్క పిసరు తీపి.

ఈ ఏడు ఆ నీళ్లు నేనడిగి తెచ్చుకున్నాను.
సీసాకు ఏడు ఎండుద్రాక్షలు, ఓ నిమ్మతొక్క,
బిరడా బిగించి, తీగ చుట్టి, నేలమాళిగలో.
పులిసినవి పొట్టకు మంచివని ఎవరో చెప్పారు.
ఎవరో ఏమిటి, అందరూ చెప్పారు.
లీయెపాయ బజార్లో, ఉప్పుచేపల బల్ల పక్కన,
ముక్కూమొహం తెలియని ఒకామె నా చెయ్యి పట్టుకుంది:
"కడుపు కుదుటపడితే పిల్లాడికి మాటొస్తుంది."
నమ్మలేదు.
ఆ సాయంత్రమే ఆరు జాడీలు కొన్నాను.

వాల్ట్స్‌కి ఏడేళ్లు.
తినేవి అయిదు.
తొక్క ఆనవాలు లేని బంగాళదుంప,
రొట్టెలో మెత్తని నడిమి భాగం,
అన్నం,
నీలం మూత సీసాలో పాలు, ఆ సీసావే.
అయిదోది వారానికోసారి మారుతుంది,
అదేమిటో వాడికే ఎరుక.

బీట్‌రూట్ పులియబెట్టాను. ఆ ఎరుపు చూసి
బల్ల కిందికి దూరాడు.
కాబేజీ జాడీ తెరిస్తే వాసనకి
ఇల్లు వదిలి మెట్లమీద కూర్చున్నాడు, చొక్కా లేకుండా, చలిలో.
ఒకరోజు దొంగబుద్ధి పుట్టి
పాలల్లో ఒక్క చెంచా, ఒకే ఒక్క చెంచా కెఫీర్ కలిపాను.
పెదవి తగిలీ తగలకముందే గ్లాసు దించాడు.
నా మొహంకేసి చూడలేదు, మామూలుగానూ చూడడు,
కానీ ఆ చూడకపోవడం వేరు.
పదకొండు రోజులు పాలు ముట్టలేదు.
అయిదు నాలుగయ్యాయి.

డాక్టర్ వీతోల కళ్లజోడు తుడుచుకుంటూ అంది:
"మలబద్ధకం తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు.
మాటల సంగతి మాత్రం సీసాలనడక్కండి."

సీసాలను అడుగుతున్నది వాడు.
బట్టల మిషను తిరిగితే చెవులు మూసుకునేవాడు
నేలమాళిగలో ఒక్కో సీసాకి చెవి ఆనించి
కళ్లు మూసుకుని నిలబడేవాడు.
నాకేమీ వినిపించేది కాదు.
మర్నాడు చూస్తే తీగలు విప్పి ఉండేవి, బిరడాలు సగానికి లేచి.
గాలంతా పోయింది, నా కష్టమంతా పోయిందని
అరిచాను. మళ్లీ బిగించాను.
మళ్లీ విప్పాడు.
అందుకని మూడు సీసాలు
వాడికందని పై అరలో పెట్టాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం
నా మణికట్టు పట్టుకుని, పనిముట్టును పట్టుకున్నట్టు,
కిందికి లాక్కెళ్లాడు.
నా చేతిని పై అరకేసి తోశాడు.
అక్కడ టార్చిలైటుంది.
తీసిచ్చాను.
కాదన్నట్టు నా చేతిని మళ్లీ తోశాడు.
ఇంకేం కావాలిరా నీకు, అన్నాను.
టార్చి నేలమీద పెట్టేసి మెట్లెక్కిపోయాడు.

ఆ రాత్రి రెండింటికి పేలాయి.
ఒకటి, వెనకే ఇంకొకటి.
గాజుపెంకులు బంగాళదుంపల్లో, మెట్లమీద,
గోడకి ద్రాక్షలు అతుక్కుని.
పైకొచ్చి చూస్తే
మంచం మీద కూర్చుని ఉన్నాడు,
చెవులమీద దిండు ముందే కట్టుకుని.

ఇప్పుడు నేలమాళిగలో ఒక పీట ఉంది.
వాడు విప్పుతాడు, నేను పట్టుకుంటాను.
స్స్, అంటుంది సీసా.
స్స్, అంటాడు వాడు.
అది మాటేనంటుంది మా అత్త, క్యాలెండర్లో రాసుకుంది.
నేను రాయలేదు.

పాలు మళ్లీ తాగుతున్నాడు. నీలం మూతవి.
బర్చ్ నీళ్లు నేనే తాగుతాను, సాయంత్రాలు, గుమ్మంలో,
పుల్లగా, ముక్కులోకి కొంచెం కొడుతూ.
నిన్న తాగుతుంటే దగ్గరికొచ్చి
నా పొట్టకి చెవి ఆనించాడు.
చాలాసేపు విన్నాడు.
తర్వాత లేచి
నా కోటు పై గుండీ
విప్పాడు.