కార్వాన్‌ల ఆఖరిల్లు

పురానాపూల్ దాటినంక కార్వాన్.
కార్వాన్ దాటినంక మా ఇల్లు.
మా ఇంటి తర్వాత
ఉప్పు మోసుకొచ్చే లంబాడోళ్ల ఎడ్ల దుమ్ము, అంతే.

నడిజామున తలుపు కొడితే ముందు లేసేది నేనే.
కొట్టుడును బట్టి తెలుస్తది నాకు.
కాన్పుకైతే అరచేత్తోని,
గత్తరకైతే పిడికిలితోని,
కత్తిపోటుకైతే కాలుతోని.
కందిలి ఆయన చేతికిచ్చి, సంచి భుజానికేసి పంపుత.
ఇగ నిద్ర రాదు.
తిరుగలి ముందటేసుకొని రేపటి జొన్నలు విసురుకుంట.

ఆయన పేరు నేను పలకను.
కావాలంటే దూలానికి వేలాడే ఇత్తడి గొట్టంల పట్టా ఉంది,
చదువుకోండి.
రెసిడెన్సీ మదర్సల ఏండ్లకేండ్లు ఉర్దూల చదివిన వైద్యం.
ఎలుకలు దాన్ని ముట్టవు.
వాటికి మా బియ్యం కావాలె.

జీతం నెలకు ఇరవై అయిదు, హాలీ సిక్కా.
మూడు నెలలకోసారి కండ్ల చూస్తే అదే పండుగ.
బాగైనోళ్లు ఏదో ఒకటి తెస్తరు,
కోడిపెట్టనో, సోలెడు నువ్వులో.
ఒక రోహిల్లా తన బాకు తాకట్టు పెట్టి మళ్ల రాలె.
దానితోని గుమ్మడికాయ కోస్త.
మంచిగ తెగుతది.

బావికాడ అన్నరు,
"పీనుగులను ముట్టినోనికి అన్నం వడ్డించే చెయ్యి" అని.
అప్పటిసంది ఎర్రటెండల, ఎవరూ లేనప్పుడు పోయి చేదుకుంట.
నెత్తుటి గుడ్డలు ముట్టనన్నడు పోచయ్య.
ఆయన మీద కోపం లేదు, ఆయనకూ పిల్లలున్నరు.
మూసీ కింది దిక్కు పోయి నేనే ఉతుకుత.
ఎంత ఉతికినా మరక గోధుమరంగుకు వచ్చి ఆగిపోతది.

టీకా వేస్తే అమ్మవారికి కోపమొస్తదని
బజారంత తలుపులేసుకున్న ఏడు,
నలుగురు చూడంగ, నడిబజార్ల,
మా వకుళ చేతినే గీరిన్రు మొదట.
పట్టుకున్నది నేను.
మూడు దినాలు పిల్ల ఒళ్లు పెనంలెక్క కాలింది.
మూడు దినాలు కార్వాన్ మొత్తం
మా ఇంట్ల ఏడుపు కోసం చెవులు పెట్టింది.
నాలుగోనాడు పిల్ల లేసి చింతపులుసు అడిగింది.
ఆ మాపటికి అయిదుగురు తల్లులు మా గడప ముందర.
ఆయన ముఖం వెలిగింది.
నేను మాత్రం ఇంకో వారం దాక ఆయనతోని మాట్లాడలె.

షా అలీబండల ఒక దేవిడి.
పరదా అవతల బేగం, ఇవతల ఆయన,
లోపలికి పోయేది నేను.
జేబు గడియారం నా చేతిల పెట్టి చెప్పిన్రు:
"సన్నముల్లు ఒక చుట్టు తిరిగేలోపల
ఎన్ని కొట్టుకుంటే అన్నే చెప్పు.
ఎక్కువొద్దు, తక్కువొద్దు.
నీ లెక్క తప్పితే నా మందు విషం."
అట్ల ఎన్ని మణికట్లు పట్టిననో.
గాజుల కింద నాడి వెతుకుడు
పప్పుల రాళ్లు ఏరినంత అలవాటైంది.
ఒక్క లెక్క తప్పలె.

కరువేడు, గంజి పోసే కాడ గత్తర రేగింది.
పోయిన పదకొండు దినాలకు ఎడ్లబండిల వచ్చిన్రు,
కూసోని కాదు.
కండ్లు లోపలికి పోయినయి.
వేళ్లు నానిన బట్ట తీరు ముడుచుకున్నయి.
ఉప్పునీళ్లు చెంచతోని పోసిన, పోసినన్ని బయటికొచ్చినయి.
తెల్లారగట్ల, "నాడి చూడు" అన్నరు.
గడియారం తీసిన.
మణికట్టుకాడ వెతికిన. మోచేతిదాక వెతికిన.
సన్నముల్లు చుట్టు తిరిగింది.
"డెబ్బై రెండు" అన్న.

పరదా లేదు మా నడుమ.
ఆయన నా మొఖం దిక్కే చూసిన్రు చాలసేపు.
"గడియారానికి చావి ఇయ్యి, మరిచిపోతవు" అన్నరు.

ఇచ్చిన.
ఇప్పటికీ ఇస్త, పొద్దుగూకంగ.

నిన్న నడిజామున తలుపు కొట్టిన్రెవరో,
అరచేత్తోని.
లేసిన. కందిలి ముట్టిచ్చిన.
ఎవరి చేతికియ్యాలెనో తెల్వక
కొంచెంసేపు నిలబడ్డ.