పాత రేవు

గున్‌వోర్ కారులో ఒక ఆడగొంతు ఉంటుంది.
తనకి పాతబడిపోయిందని మనవడు సిండ్రె
అద్దానికి అతికించి వెళ్లాడు ఆ చిన్న పెట్టెని.
అది విసుక్కోదు. దారి తప్పినా తిట్టదు.
మా ఇద్దరి మొగుళ్లకీ లేని గుణం.

ఆ రోజు డాక్టరు దగ్గరికి బయల్దేరాం.
ఎనభై దాటాక కారు నడపాలంటే
కళ్లు కనిపిస్తున్నాయనీ, బుర్ర పనిచేస్తోందనీ
ఎవరో కాగితం రాసివ్వాలి.
గున్‌వోర్ నీలం కోటు వేసుకుంది,
పెదాలకి రంగు కూడా.
బుర్రకీ రంగుకీ ఏం సంబంధమని నేనడగలేదు.

"రెండు వందల మీటర్లలో ఎడమకు తిరగండి," అంది గొంతు.

ఎడమకి తిరిగితే పాత రేవు.
వంతెన కట్టాక ఫెర్రీ ఆగిపోయి పదకొండేళ్లు.
ఆఖరి ఫెర్రీలో ఊరికే అటు వెళ్లి ఇటు వచ్చినవాళ్లలో
మేమిద్దరం ఉన్నాం.
బ్యాండు వాయించారు, బాకాల్లోకి వాన పడింది.

గున్‌వోర్ ఎడమకి తిరిగింది.

నాకు తెలుసు.
ఆమెకి తెలుసని కూడా నాకు తెలుసు.
అయినా ఒళ్లో ఫ్లాస్కు పట్టుకుని
కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను.
ఏమో, మళ్లీ మొదలెట్టారేమో,
పేపర్లో వేస్తే నేను చూడలేదేమో,
చూసి మర్చిపోయానేమో.
ఈ ఏమోలు ఎప్పుడు మొలిచాయో తెలీదు,
గడ్డం మీద వెంట్రుకల్లాగా.

మందు వేసుకున్నానంటే
డబ్బా మూత తీసి చూస్తారు.
ఇవాళ మంగళవారం అంటే
ఫోను తీసి చూస్తారు.
మంగళవారమే అవుతుంది.
అయినా ఆ చూడడం ఉంది చూశారూ,
రోజుకింత అరగదీస్తుంది మనిషిని, సబ్బుబిళ్లలా.
చివరికి ఎవరు తడుముకోకుండా మాట్లాడితే
వాళ్లదే నిజమనిపిస్తుంది.

తారు పగుళ్లలో గడ్డి.
టికెట్ల గదికి అడ్డంగా కొట్టిన చెక్కలు.
నీళ్లలోకి దిగిపోతున్న సిమెంటు వాలు.
"నేరుగా వెళ్లి ఫెర్రీ ఎక్కండి."

బ్రేకు వేసింది.
నాచు మీద ముందు చక్రాలు
జానెడు జారి ఆగాయి.

ఇంజను ఆపింది. చేతులు మాత్రం స్టీరింగు వదల్లేదు.
"ఇక్కడ ఫెర్రీ లేదు," అంది.
"లేదు," అన్నాను.
"నీకు తెలుసా?"
"నీకో?"
చాలాసేపు ఇద్దరం నీళ్లకేసి చూశాం.
తర్వాత ఆమెకి నవ్వొచ్చింది,
నాకు మాత్రం మోకాళ్లు వణుకుతున్నాయి.

కాఫీ తాగాం. ఫ్లాస్కు మూత ఒకటే, వంతులేసుకుని.

నలభై రెండేళ్లు ఈ ఫ్యోర్డ్ పొడుగునా
పురుళ్లు పోసిన మనిషి.
మంచు కురిసే రాత్రి ఏ ఇంట్లో దీపం వెలుగుతుంటే
ఆ ఇంటికి.
అంతే ఆమెకి తెలిసిన మ్యాపు.

నడుము తిప్పి, మెడ తిప్పి,
ఒక్క చేత్తో కారుని వెనక్కి పైకి లాగింది.
"వీలైన చోట వెనక్కి తిరగండి," అంది గొంతు.
"తిరిగానమ్మా," అంది గున్‌వోర్.
దాన్ని ఆపలేదు. దారి పొడుగునా దానికే చెప్పింది:
"కవలలు పుట్టిన ఇంటి దగ్గర కుడికి.
కాళ్లు ముందొచ్చిన పిల్లాడి ఇంటిదాకా నేరుగా.
వాడికిప్పుడు బట్టతల, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు."
ఆకుపచ్చ గేటు దగ్గర ఏమీ చెప్పలేదు.
కాస్త నెమ్మదిగా పోనిచ్చింది.

నలభై నిమిషాలు ఆలస్యం.
"దారి తెలియలేదా?" అన్నాడు డాక్టరు, కుర్రవాడు.
గున్‌వోర్ నాకేసి చూసింది.
నేను గోడ మీది అక్షరాల పట్టీకేసి తిరిగి
అడుగు వరస గట్టిగా చదివాను.
నన్నెవరూ అడగలేదు.

ఒక్క ఏడాదికి రాసిచ్చాడు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది.

బయట, ముందు టైరుకి
పచ్చటి నాచుపోగు ఇంకా వేలాడుతోంది.
చెప్పాలా అనుకున్నాను.
చూసే ఉంటుంది.