బదులు

పాస్టరు గారు మైకు చేతికిచ్చి
యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పుమన్నడు.
గోదావరిఖని, కాలనీ చర్చి, ఆదివారం,
ఫ్యాన్ల చప్పుడు.

యొర్దాను గురించి చెప్పిన.
నది అంటే ఏందో అనుకున్నం,
ఎండకాలం మానేరు పాయంత లేదన్న. నవ్విండ్రు.
గలిలయ సముద్రం సముద్రం గాదు, చెరువే,
పాకాల చూసినోళ్లకు కొత్తేం గాదన్న.
ఎయిర్‌పోర్టుల దానియేలు సారు
చింతకాయ తొక్కు సీసా గుంజుకున్నరని,
సారు యెరూషలేము దాకా దాని గురించే ఏడ్చిండని చెప్పిన.

చెప్పంది ఒకటున్నది.

బేతనియల, గల్లీ పక్కన చిన్న తలుపు.
చిల్లర అడిగే ముసలాయన.
లోపల, నాలుగు దినాల తర్వాత లేచినోని సమాధి.
మెట్లు ఇరవై నాలుగన్నడు గైడు. నేను లెక్కపెట్టలే,
ముప్పై ఒక్క ఏండ్లు బాయిల దిగిన మోకాళ్లు
వాటంతటవే లెక్కపెట్టుకున్నయి.

ముందటోళ్లు ఫోన్ లైట్లు పట్టుకొని
ప్రార్థన చేసుకుంట, భయపడుకుంట దిగుతున్నరు.
నాకు డ్యూటీకి పోయినట్టే ఉన్నది.
అదే తడి వాసన. అదే మెదలని గాలి.
నాకు తెలువకుంటనే చెయ్యి లేచి
వేలి కణుపులతోటి కప్పు మీద కొట్టింది.
టింబర్‌మన్ అలవాటు:
గట్టి బండ అయితే ఖంగుమంటది,
గుల్ల బండ పగిలిన కుండ లెక్క మాట్లాడుతది.
కొట్టినోనికి బండ బదులు చెప్పాలె.
చెప్పకపోతే దాని కింద నిలబడొద్దు.

రెండు వేల ఏండ్ల కప్పు
గట్టిగనే ఉన్నది.

తొంభై రెండు, గుడ్ ఫ్రైడే.
"మూడు గంటల ఆరాధన ఉన్నది,
నా షిఫ్టు నువ్వు చెయ్యిరా" అన్న.
గజ్జెల రాయలింగు బీడీ చెవి మీద పెట్టి నవ్విండు.
"మీ దేవుడు సచ్చిన దినం నీకు సెలవు.
ఓదెల మల్లన్న పట్నాలకు నా బదులు నువ్వు దిగాలె మరి."
నా బిళ్ళ తీస్కపోయిండు.
నా సద్దిగిన్నె గూడ. అండ్ల ఎండు చేపల పులుసని తెల్సి.

చర్చిల ఏడు మాటలు చెప్తున్నరు.
ఐదో మాట, దాహం మాట కాడ
సైరన్ మోగింది.
జీపు నా ఇంటి ముందట ఆగింది.
బిళ్ళ నాది గద.
నా పెండ్లాం ఏడ్చుడు మొదలువెట్టినంక
నేను బైబిల్ చంకల పెట్టుకొని వాకిట్లకొచ్చిన.

నాలుగో దినం తీసిండ్రు.
ఆ నాలుగు దినాలు పోసక్క బాయి మూతికాడ కూసోని
పెనిమిటి పేరు పిలిచింది.
మన దిక్కు పెనిమిటిని పేరుతోటి పిలువరు.
పిలిచింది.

బేతనియల అడుక్కు దిగి మోకాళ్లేసిన.
అందరు ఆ పాత పేరు యాది చేసుకుంటున్నరు.
నేను మాత్రం
"రాయలింగూ, బయిటికి రా" అన్న.
మెల్లగనే అన్న.
వెనకున్న మలయాళపామె భుజం తట్టింది,
లైన్ల ఇంక మంది ఉన్నరని.
మెట్లెక్కిన. పైన ఎండ,
బస్సు హారన్ కొడుతున్నది.

గివన్ని మైకుల ఎట్ల చెప్పాలె?
ఎంగిలి మింగి మింగి
ఆఖరికి ఒక్క ముక్క బయటపడ్డది:
"నా బదులు ఒకడు సచ్చిండు."
"హల్లెలూయ" అన్నది సంఘమంత.
చప్పట్లు.
దానియేలు సారు అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు.
నేను మైకిచ్చి కూసున్న.

మాపటికి పోసక్క ఇంటికి పోయిన.
జేబుల ఒలీవ చెక్క సిలువ ఉన్నది గని
ఇయ్యబుద్ధి గాలే.
ఖర్జూరాల డబ్బ ఇచ్చిన.
"ఏం చూసినవ్ అన్నా, అంత దూరం పోయి?"
"ఒక బాయి చూసిన."
ఆమె జరసేపు ఆగింది.
"కప్పు?"
"గట్టిగున్నది."

డబ్బ విప్పి రెండు పండ్లు
రాయలింగు ఫొటో ముందట పెట్టింది.
చీమలు అప్పుడే బయలెల్లినయి.
చూసి, ఒకటి తీసి ఊదింది,
నా అరచేతిల పెట్టింది.
"ఆయన తింటడా ఏందన్నా.
బదులు నువ్వు తిను."

తిన్న.
గింజ ఎక్కడ ఉమ్మాల్నో తెల్వక
ఇంటిదాక నోట్లనే పెట్టుకున్న.